మొదటి రైఫిల్: .177 తీసుకోవాలా, .22 నా, .315 నా?

మదనపల్లె అబ్బాయి, మారతహళ్లి:
నమస్కారం. మా తాత వేటగాడు, ఆయన కబుర్లు వింటూ పెరిగాను. ఇప్పుడు ఊళ్లో మా వేరుశనగ చేనుని అడవి పందులు రాత్రికి రాత్రే పెళ్లగించేస్తున్నాయి. మొదటి రైఫిల్ కొందామనుకుంటున్నాను. పందికి .22 సరిపోతుందా, .315 కావాలా? ఎయిర్ రైఫిలే .22లో తీసుకో, లైసెన్సు అక్కర్లేదని కొలీగ్ అంటున్నాడు. బడ్జెట్ ముప్పై వేలు.

రేంజిలో పిల్లలకు నేర్పే అన్న, మల్లేశ్వరం:
తమ్ముడూ, మీ కొలీగ్ మాట వినొద్దు. లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగేది .177 అంగుళాలు, అంటే 4.5 మి.మీ. బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జూళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్ మాత్రమే. ఎయిర్ రైఫిల్ అయినా .22 బోరైతే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు ఉండాలి.

ఇక పంది. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక తాతల నాటి వేట మనకు లేదు. పంట పోతుంటే నాన్నగారి చేత అటవీశాఖకు అర్జీ పెట్టించండి. సెక్షన్ 11 కింద వాళ్లు రాతపూర్వకంగా అనుమతిస్తేనే పంది మీద తుపాకీ ఎత్తాలి. ఎయిర్ రైఫిల్‌తో అయితే ఆ ఊహే వద్దు. పెల్లెట్, అంటే దాని చిన్న గుండు, కొవ్వులో ఆగిపోతుంది, పంది పొదల్లోకి పోయి పుండు కుళ్లి చస్తుంది. నాకు అది తలచుకుంటేనే బాధ.

.303 మిలిటరీ బోరు కాబట్టి మామూలు జనానికి ఇవ్వరు. ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీ చేసే .315 అందుకే అంత వాడుకలోకి వచ్చింది. మంచిదే, కానీ చేతికి గురి రాకముందే అంత దెబ్బ భుజానికి తగిలితే ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకునే అలవాటు పడుతుంది. .22 బుల్లెట్ కూడా గురి తప్పితే కిలోమీటరు దాటి పోతుంది, చేల చుట్టూ ఊళ్లున్నాయి.

.177 స్ప్రింగు రైఫిల్‌తో మొదలుపెట్టండి, మీ బడ్జెట్లో మంచిది వస్తుంది. బిగించి పట్టుకోకండి. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, పెల్లెట్ బ్యారెల్ దాటకముందే రైఫిల్ అదురుతుంది. ఎడమ అరచేయి తెరిచి దాని మీద ఊరికే ఆనించండి, ప్రతిసారీ ఒకే చోట. అప్పుడు ఆ అదురు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, పెల్లెట్లన్నీ ఒక దగ్గర పడతాయి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. అభినవ్ బింద్రా 2008 ఒలింపిక్స్‌లో బంగారు పతకం కొట్టింది ఆ చుక్క మీదే.

షూటర్ అమ్మ, జయనగర్:
కొనేముందు ఏదైనా షూటింగ్ రేంజిలో రెండు మూడు రైఫిళ్లు పట్టి చూడండి బాబూ. ముందు మీ గురి కన్ను, అంటే గురి చూసేటప్పుడు ముందుండే కన్ను, ఏదో తేల్చుకోండి. చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందులోంచి దూరాన ఒక స్విచ్ చూడండి, తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను మూస్తే స్విచ్ మాయమవుతుందో అదే మీ గురి కన్ను. మా అమ్మాయి కుడిచేతి వాటం, గురి కన్ను ఎడమది. అది తెలిశాక ఎడమ భుజానికి మార్చాం, స్కోరు నిలబడింది.

మదనపల్లె అబ్బాయి:
థాంక్స్ అన్నా, థాంక్స్ అమ్మా. నాన్నతో అర్జీ రాయిస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ప్రాక్టీస్ చేయొచ్చా?

రేంజిలో పిల్లలకు నేర్పే అన్న:
వద్దు తమ్ముడూ. పిట్టగోడకు తగిలితే పెల్లెట్ వెనక్కి ఎగురుతుంది, కింద పిల్లలు ఆడుకుంటుంటారు. రేంజికి రండి, వచ్చేటప్పుడు కళ్లకు రక్షణగా పెట్టుకునే అద్దాలు తెచ్చుకోండి.