“క్రీస్తు ప్రేమ మమ్మును బలవంతము చేయుచున్నది”: ఈ బలవంతం ఎవరి మీద?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. కొరింథీయులకు పౌలు రాసిన రెండవ లేఖ 5వ అధ్యాయం 14వ వచనం, ఎక్కువమంది చదివే పాత తెలుగు అనువాదంలో “క్రీస్తు ప్రేమ మమ్మును బలవంతము చేయుచున్నది” అని ఉంది. అక్టోబరులో వచ్చే మిషన్ ఆదివారానికి (సువార్త ప్రచారం కోసం ప్రార్థించే ఆదివారం) మా విచారణలో, అంటే మా గుడి పరిధిలోని విశ్వాసుల సంఘంలో, ఈ వాక్యాన్ని బ్యానరు మీద రాయించాలనుకున్నాము. ‘బలవంతం’ అన్న మాట చూసి ఇతర మతాలవారు అపార్థం చేసుకుంటారేమోనని కొందరు పెద్దలు వెనకాడారు. ప్రేమకూ బలవంతానికీ పొత్తు కుదురుతుందా? ఈ మాటను మార్చుకోవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం

మీ పెద్దల జంకు సమంజసమైనదేనండీ. అయితే ‘బలవంతము’ దగ్గరే ఆగిపోకుండా దాని ముందున్న ‘మమ్మును’ అనే సర్వనామాన్ని కూడా చూడమని నా మనవి. మన భాషలో వినేవారిని కలుపుకొని చెబితే ‘మనము’, వారిని మినహాయించి చెబితే ‘మేము’. పౌలు రాసిన గ్రీకులో ఈ తేడా లేదు, లాటిన్‌లోనూ లేదు. కాబట్టి ప్రతి చోటా సందర్భాన్ని చూసి ఏదో ఒకటి తేల్చుకోవలసిన పని తెలుగు అనువాదకుల మీద పడింది. వారు ఇక్కడ ‘మనలను’ అనకుండా ‘మమ్మును’ అన్నారు. అంటే ఆ ప్రేమ ఊరుకోనివ్వనిది సువార్త చెప్పేవారిని. వినే కొరింథువారి మీద ఈ వాక్యంలో ఏ ఒత్తిడీ లేదు.

ఇది యాదృచ్ఛికం కాదనడానికి అదే అధ్యాయంలో సాక్ష్యం ఉంది. 18వ వచనం చూడండి: “ఆయన మనలను క్రీస్తుద్వారా తనతో సమాధానపరచుకొని, ఆ సమాధానపరచు పరిచర్యను మాకు అనుగ్రహించెను.” దేవుడు తనతో కలుపుకొన్నది ‘మనలను’, అంటే చెప్పేవారినీ వినేవారినీ అందరినీ, పరిచర్య అనే బరువును అప్పగించింది మాత్రం ‘మాకు’. ఒకే వాక్యంలో రెండు సర్వనామాలనూ ఇంత జాగ్రత్తగా వాడిన ఆ అనువాదకులకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. ఇక 20వ వచనంలో, వినేవారి వైపు తిరిగేసరికి క్రియే మారిపోతుంది: “మేము క్రీస్తుకు రాయబారులమై దేవునితో సమాధానపడుడని క్రీస్తు పక్షముగా మిమ్మును బతిమాలుకొనుచున్నాము.” రాయబారి తనను పంపిన ప్రభువు అధికారంతో మాట్లాడతాడని ఎవరైనా అనుకుంటారు, పౌలు మాత్రం తాను రాయబారినని చెప్పుకొన్న వాక్యంలోనే బతిమాలుకొంటున్నాడు.

మూలంలోని గ్రీకు క్రియకు నలువైపులా ఒత్తి పట్టుకోవడం, కదలనివ్వకపోవడం అనే అర్థాలున్నాయి. లూకా సువార్త 8వ అధ్యాయంలో జనం క్రిక్కిరిసి యేసు మీద పడుతున్నారని పేతురు అన్నప్పుడు వాడింది ఈ క్రియనే. ఫిలిప్పీయులకు రాసిన లేఖలో, వెళ్లిపోయి క్రీస్తుతో ఉండాలన్న ఆశకూ మీకోసం ఉండిపోవాలన్న అవసరానికీ మధ్య “ఇరుకునబడియున్నాను” అని పౌలు చెప్పుకొన్న చోటా ఇదే ఉంది. కనుక ‘ప్రోత్సహించుచున్నది’ అనో ‘ప్రేరేపించుచున్నది’ అనో మారిస్తే వాక్యం మెత్తబడుతుంది గానీ పౌలు పడిన ఇరుకు అందులో మిగలదు. ఆ ఇరుకు వల్లనే అతడు దెబ్బలు తిన్నా, ఓడ పగిలి సముద్రంలో పడినా మళ్లీ లేచి ఊరూరా తిరిగాడు.

‘క్రీస్తు ప్రేమ’ అన్నది మనపై క్రీస్తుకున్న ప్రేమా, క్రీస్తుపై మనకున్న ప్రేమా అనే చర్చ కూడా ఉంది. వెంటనే “అందరికొరకు ఒకడు మృతిపొందెను” అని కారణం చెప్పాడు గనుక మొదటి అర్థమే ప్రధానమని నా అభిప్రాయం. కతోలిక శ్రీసభ (కతోలిక క్రైస్తవ సంఘం) తన బోధనలను కూర్చిన సత్యోపదేశ గ్రంథం కూడా 851వ పేరాలో ఈ వాక్యాన్నే ఉదహరిస్తూ, మనుషులందరిపై దేవునికున్న ప్రేమ నుంచే సువార్త ప్రకటించే బాధ్యతా, అందుకు కావలసిన సత్తువా శ్రీసభకు లభిస్తున్నాయని చెబుతుంది. 1633లో పునీత విన్సెంట్ ద పాల్, పునీత లూయీజ్ ద మరియాక్ ప్యారిస్‌లో ప్రారంభించిన కన్యల సభ, సిలువపై వేలాడిన యేసు ప్రేమ మమ్ము తొందరపెట్టుచున్నదన్న భావం గల మాటను తన ముద్రలో పెట్టుకొంది. ఆ తొందర వారిని నడిపించింది పేద రోగుల ఇళ్లకు.

బ్యానరు సంగతి అడిగారు గనుక చెబుతున్నాను: మాట మార్చకండి, చోటు ఉంటే 20వ వచనాన్ని కూడా దాని కింద రాయించండి.

మరొకరి సందేహం

వివరణ బాగుందండీ. కానీ లూకా 14వ అధ్యాయం 23వ వచనంలో “లోపలికి వచ్చుటకు అక్కడివారిని బలవంతము చేయుము” అని ఉంది కదా. అక్కడ బలవంతం వినేవారి మీదే పడుతోంది. దానికేమంటారు?

జవాబు

అడగవలసిన ప్రశ్నే అడిగారు. గ్రీకులో అది వేరే క్రియ. తెలుగులో రెండుచోట్లా ఒకే మాట పడింది. కానీ కథ మొదటినుంచి చదవాలి. అది విందు కథ. పొలం కొన్నానని ఒకడు, ఎడ్లు కొన్నానని ఒకడు, పెండ్లి చేసుకొన్నానని ఒకడు రానన్నారు. యజమానికి కోపం వచ్చిన మాట నిజమే అయినా, రానన్నవారిని ఈడ్చుకు రమ్మని అతడు చెప్పలేదు. బలవంతం చేయమన్నది రాజమార్గాలలో, కంచెల దగ్గర ఉన్నవారిని. అంత గొప్ప ఇంటికి మనమెక్కడ, మనకెక్కడి పిలుపు అనుకొనేవారిని. పెళ్లి పందిరి బయటే నిలబడిపోయిన కూలిమనిషిని ఇంటావిడ చూసి, వద్దమ్మా అంటున్నా వినకుండా చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి, పంక్తిలో విస్తరి ముందు కూర్చోబెట్టి ‘నా మీద ఒట్టు, తిని వెళ్లాలి’ అంటే, ఎంత బలవంతం చేసి పెట్టిందో అని ఆ మనిషి నలుగురికీ సంతోషంగా చెప్పుకొంటుంది. మనం రోజూ ఈ అర్థంలో వాడే మాటే అది.

ఆ వాక్యం దుర్వినియోగం కాలేదని మాత్రం నేను అనను. అయిదవ శతాబ్ది ఆరంభంలో హిప్పో పీఠాధిపతి పునీత అగస్తీను, శ్రీసభ నుంచి విడిపోయిన దొనాతు వర్గంవారిని రాజశాసనాల ఒత్తిడితో శ్రీసభలోకి తిరిగి తేవడాన్ని సమర్థిస్తూ దీన్ని ఉదహరించారు. తరువాతి శతాబ్దాలవారు ఆ వాదాన్ని ఇంకా ముందుకు లాగారు, అందుకు ఎందరో బాధపడ్డారు. 1965 డిసెంబరు 7న కతోలిక పీఠాధిపతులు సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ మతస్వేచ్ఛపై వెలువరించిన ప్రకటనలో, మత విషయంలో ఎవరినీ అంతరాత్మకు విరుద్ధంగా నడుచుకోవాలని ఒత్తిడి చేయరాదని స్పష్టంగా చెప్పింది. పదహారవ బెనెడిక్ట్ పాపుగారు 2005లో ప్రేమపై రాసిన విశ్వలేఖలో (పాపుగారు శ్రీసభ అంతటికీ రాసే బోధలేఖ) మరొక మెట్టు దిగి మాట్లాడారు: ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, రోగికి సేవ చేయడం మతంలో కలుపుకోవడానికి సాధనం కాకూడదు, ప్రేమ ఉచితం, దేవుని గురించి ఎప్పుడు మాట్లాడాలో, ఎప్పుడు మౌనంగా ఉండి ప్రేమనే మాట్లాడనివ్వాలో క్రైస్తవుడికి తెలిసి ఉండాలి.

ఒక చిన్న విన్నపం. పూజలో ఈ లేఖ చదివేటప్పుడు అలవాటు కొద్దీ ‘మమ్మును’ బదులు ‘మనలను’ అనేవారిని విన్నాను. పఠనం చదివేవారికి ముందురోజే ఆ ఒక్క పదం కింద గీత గీసి ఇవ్వండి.