మూన్‌వాక్‌లో పాదం జారట్లేదు, వీడియో చూసి నేర్చుకున్న స్టెప్పులు స్పీడులో చెదిరిపోతున్నాయి. తప్పెక్కడ?

కొత్తఅడుగు

అన్నయ్యలకీ అక్కలకీ నమస్తే. నాకు 15 ఏళ్లు. మైకేల్ జాక్సన్ డాన్సంటే ప్రాణం. క్లాసుకి వెళ్లే వీలు లేదు, ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే రోజూ ఓ 40 నిమిషాలు చేస్తున్నాను. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి, మూన్‌వాక్. పాదం నేలకి అతుక్కున్నట్టు పట్టేస్తుంది. జారిన కాసేపూ మామూలుగా వెనక్కి నడిచినట్టే ఉంది గానీ, ముందుకి నడుస్తున్న మనిషి వెనక్కి పోతున్నట్టు లేదు.

రెండు, వీడియో చూసి స్టెప్పులు నేర్చుకోవడం. కాళ్లు కుదిరితే చేతులు పోతాయి. సగం స్పీడులో బాగానే వస్తుంది, అసలు స్పీడు పెట్టగానే మొత్తం గందరగోళం. కుడి ఎడమలు కూడా తారుమారు అవుతున్నాయి.

మూడు, ఒళ్లంతా నిటారుగా ఉంచి ముందుకి వాలే స్టెప్పు. మడమలు నేలకి ఆనించి కొంచెం వాలగానే పడిపోతున్నాను. దానికి ఏ కండరాలు గట్టిపడాలి?

జారుడుబల్ల

తమ్ముడూ, ముందు మూన్‌వాక్ సంగతి. నువ్వు రాసినదాన్ని బట్టి ఒళ్లు బరువు ఉండకూడని కాలి మీద ఉంది. మడమ లేచిన కాలే మనిషిని మొయ్యాలి. నేలకి పూర్తిగా ఆనిన కాలు ఖాళీగా ఉండాలి. చూసేవాళ్లకి సరిగ్గా తిరగేసి కనిపిస్తుంది. మడమ లేచి మోకాలు వంగిన కాలు అడుగు వెయ్యబోతున్నట్టు, ఆనిన కాలు మనిషిని మోస్తున్నట్టు. ఆ మోస్తున్న కాలే వెనక్కి జారిపోయేసరికి కన్ను మోసపోతుంది.

గోడ పక్కన నిలబడి ఓ చెయ్యి గోడకి ఆనించి మొదలుపెట్టు. పాదాలు పక్కపక్కనే, మధ్యలో నాలుగు వేళ్ల ఎడం. కుడి మడమ ఎంత లేస్తే అంత లేపి, వేళ్ల మొదళ్ల మీద నిలబడు. బరువంతా అటు పంపించు. ఇప్పుడు ఎడమ పాదాన్ని కాగితం దూరేటంత పైకి లేపి చూడు. ఒళ్లు పక్కకి ఊగకుండా లేచిందంటే బరువు సరైన చోటే ఉంది. ఊగితే ఇంకా ఎడమ కాలి మీద కొంత మిగిలి ఉన్నట్టే. నీ పాదం పట్టేయడానికి కారణం ఆ మిగిలిన బరువే.

పరీక్ష కుదిరాక ఎడమ పాదాన్ని మళ్లీ దించి, మడమా వేళ్లూ రెండూ నేలని రాసుకుంటూ వెనక్కి లాగు. ఎడమ బొటనవేలు కుడి మడమ దాటాక ఆపు. ఇక్కడే అసలు పని: ఎడమ మడమ లేవడం, కుడి మడమ దిగడం ఒకే క్షణంలో జరగాలి, బరువు కూడా ఆ క్షణంలోనే ఎడమకి మారిపోవాలి. ఇప్పుడు కుడి కాలు ఖాళీ, దాన్ని లాగు. మొదటి జారుడు ఒక పాదం పొడవే ఉంటుంది. తరవాతి నుంచి ముందున్న కాలు రెండోదాన్ని దాటి వెనక్కి పోవాలి కాబట్టి దూరం రెట్టింపు. చాలామందికి రెండో జారుడు సగంలో ఆగిపోయేది ఈ లెక్క తెలియకే.

మడమల మార్పిడి ఒకదాని తరవాత ఒకటి జరిగితే తల పైకీ కిందకీ ఎగురుతుంది, మాయ అక్కడే పోతుంది. అందుకని జారుడు లేకుండా, ఉన్నచోటే మడమలు మార్చడం 20 సార్లు, మూడు విడతలు చెయ్యి. వెనక గోడ మీద నీ తల ఎత్తులో ఓ టేపు ముక్క అడ్డంగా అంటించి పక్క నుంచి వీడియో తీసుకుంటే తల ఎంత ఎగురుతోందో తెలిసిపోతుంది. అన్నట్టు, ఎదురుగా అద్దం పెట్టుకుని చేస్తున్నావేమో. మూన్‌వాక్ పక్క నుంచి చూస్తేనే కనిపిస్తుంది, ఎదుటి నుంచి చూస్తే ఎంత బాగా చేసినా ఏమీ ఉండదు.

ఇంకో తప్పు, మడమ సగమే లేపడం. అప్పుడు మోకాలు వంగదు, రెండు కాళ్లూ ఒకేలా కనిపిస్తాయి, ఈడ్చుకుంటూ వెనక్కి పోతున్నట్టు ఉంటుంది. నువ్వు రాసింది ఇదే.

జాక్సన్ దీన్ని వేదిక మీద చేసిన ప్రదర్శన 1983 మే 16న టీవీలో వచ్చింది. కానీ స్టెప్పు అంతకంటే పాతది, డాన్సర్లు దాన్ని బ్యాక్‌స్లైడ్ అనేవాళ్లు. ట్యాప్ డాన్సర్ బిల్ బెయిలీ దీన్ని చేస్తూ వేదిక మీంచి వెళ్లిపోవడం 1950ల నాటి చిత్రంలో ఉంది. జెఫ్రీ డేనియల్ 1982లో బ్రిటిష్ టీవీలో చేశాడు. వీళ్లనీ చూడు. ఒకే స్టెప్పు ముగ్గురి ఒంట్లో ఎలా మారిందో చూస్తే, ఏది స్టెప్పు, ఏది ఆ మనిషి సొంత తీరు అన్నది విడివిడిగా తెలుస్తుంది.

నేలచూపు

పైన అన్నయ్య చెప్పినవన్నీ సరే, నేల సంగతి వదిలేశారు. గరుకు సిమెంటు మీద, తివాచీ మీద బరువు ఎంత సరిగ్గా ఉన్నా జారదు. నున్నటి టైల్స్ గానీ పాలిష్ పెట్టిన చెక్క గానీ కావాలి. రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ షూ వద్దు, అవి పట్టుకోవడానికే తయారైనవి. నున్నటి తోలు అడుగున్న షూ మంచివి. అవి లేకపోతే నూలు సాక్సు చాలు.

అయితే సాక్సుతో ఒక్క జారుడే చెయ్యి. గింగిరాలు, గెంతులు, వేళ్ల కొసల మీద నిలబడడం సాక్సుతో చెయ్యొద్దు. ఖాళీ కాలు జారడం మూన్‌వాక్, మోసే కాలు జారితే మోచెయ్యి విరుగుతుంది. నేల మీద పౌడరు చల్లమని కొన్ని వీడియోల్లో చెబుతారు. అది మోసే కాలి కిందకీ చేరుతుంది, అస్సలు వద్దు.

ఐదారేడెనిమిది

నీ రెండో ప్రశ్న నా ఇష్టమైన విషయం, కొంచెం పెద్దగానే రాస్తాను.

ముందు వీడియో ఎంపిక. పాట వీడియోలు నేర్చుకోవడానికి పనికిరావు. రెండు మూడు సెకన్లకోసారి కెమెరా మారుతుంది, కాళ్లు కనపడాల్సిన చోట మొహం చూపిస్తారు, ఎడిటింగులో ఒక్కోసారి స్టెప్పులో ముక్క ఎగిరిపోతుంది. కెమెరా కదలకుండా తల నుంచి పాదాల దాకా కనిపించే ప్రాక్టీసు వీడియో గానీ వేదిక వీడియో గానీ వెతుక్కో.

కుడి ఎడమలు: ఎదురుగా నిలబడ్డ డాన్సర్ కుడి చెయ్యి నీకు ఎడమ వైపున కనిపిస్తుంది. అద్దంలో చూసినట్టు అనుకరిస్తే స్టెప్పు మొత్తం తిరగబడి వస్తుంది. ఫోన్ ఎడిటింగులో వీడియోని అడ్డంగా తిప్పేసి సేవ్ చేసుకో, అప్పుడు అద్దంలా చేస్తే సరిపోతుంది. నేర్పించే వీడియోలు కొన్ని ముందే తిప్పి ఉంటాయి. చొక్కా మీదో గోడ మీదో అక్షరాలు చూడు, తిరగబడి ఉంటే మళ్లీ తిప్పొద్దు. వీపు వైపు నుంచి తీసిన వీడియోకి ఈ గొడవే లేదు.

ఇక లెక్క. పాటలో 15 సెకన్లలో ఎన్ని బీట్లు వస్తున్నాయో చప్పట్లతో లెక్కపెట్టి నాలుగుతో గుణించు, నిమిషానికి బీట్లు వస్తాయి. స్టెప్పుల్ని ఎనిమిదేసి బీట్లుగా విడగొడతారు, ఆ ఎనిమిది బీట్ల ముక్కనే ఒక ఎనిమిది అంటారు, అందులో ఒక్కో బీటు ఒక లెక్క. నిమిషానికి 120 అయితే ఒక ఎనిమిది నాలుగు సెకన్లు, 100 అయితే 4.8 సెకన్లు. ఒక రోజుకి రెండు ఎనిమిదులు చాలు, నాలుగు మించొద్దు.

ప్రతి ఎనిమిదినీ కాగితం మీద రాయి. ఏ కాలు ఎక్కడికి వెళ్లిందో రాస్తే సగమే. బరువు ఎటు ఉందో కూడా రాయాలి. ఇదిగో నమూనా:

1 – కుడి కాలు పక్కకి, బరువు కుడికి
2 – ఎడమ కాలు దగ్గరికొచ్చి తాకుతుంది, బరువు కుడి మీదే
3 – ఎడమ కాలు పక్కకి, బరువు ఎడమకి
అండ్ (3కీ 4కీ సరిగ్గా మధ్యలో) – కుడి కాలు ఎడమ మడమ వెనక్కి, బరువు కుడికి
4 – ఎడమ కాలు ఉన్నచోటే మళ్లీ అడుగు, బరువు ఎడమకి
5, 6 – కాళ్లు కదలవు, కుడి చెయ్యి నెమ్మదిగా నుదుటి దాకా
7 – తల ఎడమకి, ఒక్క దెబ్బలో
8 – కదలిక లేదు

రెండో లెక్క దగ్గర ఎడమ కాలిది తాకుడు మాత్రమే, అడుగు కాదు. అక్కడ పొరపాటున బరువు వేశావంటే మూడో లెక్కకి ఆ కాలు లేవదు, కుడిది లేస్తుంది, అక్కడి నుంచి చివరిదాకా అన్నీ తారుమారు. నీ కుడి ఎడమల గొడవలో సగం వీడియోది కాదు, ఇదే.

సగం స్పీడులో వచ్చినది అసలు స్పీడులో చెదరడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. నెమ్మదిగా చేస్తున్నప్పుడు బరువు రెండు కాళ్ల మీదా పంచుకుని, ఆఖరి క్షణంలో సర్దుకుని లాగించెయ్యొచ్చు. స్పీడులో ఆ సర్దుబాటుకి టైము దొరకదు. అందుకే సగం స్పీడులో చేసేటప్పుడే ప్రతి లెక్క దగ్గరా ఆగి, ఖాళీ కాలిని లేపి చూడు. లేవకపోతే ఆ లెక్క ఇంకా రాలేదన్నమాట. తరవాత ముప్పావు స్పీడు, ఆపైన పూర్తి స్పీడు. సగం నుంచి నేరుగా పూర్తికి దూకొద్దు.

గెంతులు మాత్రం నెమ్మది వీడియోతో పాటు చెయ్యడం కుదరదు. స్పీడు సగానికి తగ్గిస్తే వీడియోలో మనిషి గాల్లో రెట్టింపు సేపు ఉంటాడు, నువ్వు ఉండలేవు. అక్కడ కాళ్లు ఎక్కడ లేచి ఎక్కడ దిగుతున్నాయో గుర్తుపెట్టుకుని, గెంతు ఒక్కటీ విడిగా అసలు స్పీడులోనే చెయ్యి. గింగిరాలకీ అంతే.

చేతులు చివర. కాళ్లు నోటితో లెక్క చెబుతూ వచ్చేదాకా చేతులు జేబుల్లో పెట్టుకో. అవి వచ్చాక కూర్చుని చేతులు మాత్రం అదే లెక్కకి చెయ్యి. రెండూ కలిపేటప్పుడు మళ్లీ సగం స్పీడుకి దిగడం నామోషీ కాదు, అదే పద్ధతి.

వాలుకుర్చీ

మూడోదానికి జవాబు: ఏ కండరాలు పెంచినా రాదు. దాన్ని ప్రయత్నించడం ఈ రోజే మానెయ్యి.

వేదిక మీద జాక్సన్ వాలింది షూ సాయంతో. మడమ కింద ఒక గాడి ఉంటుంది, సరిగ్గా ఆ సమయానికి నేల లోంచి ఒక మేకు పైకి వస్తుంది, షూని కొంచెం ముందుకి జరిపి గాడిని మేకుకి తగిలించి వాలతారు. 1993 అక్టోబరులో అమెరికాలో దీనికి పేటెంటు వచ్చింది. పేటెంటు పత్రంలో మైకేల్ జాక్సన్‌తో పాటు మైకేల్ బుష్, డెనిస్ టాంప్‌కిన్స్ పేర్లున్నాయి. వాలిన కోణం దాదాపు 45 డిగ్రీలు.

మామూలు మనిషి మడమలు ఆనించి నిటారుగా వాలితే 20 డిగ్రీల లోపే పడిపోవడం మొదలవుతుంది. ఒంటి బరువు మధ్యబిందువు వేళ్ల కొసల్ని దాటి ముందుకి పోయాక ఏ కండరమూ ఆపలేదు, అంతదాకా వాలేటప్పుడు భారం ఎక్కువగా పడేది పిక్క మీదా, దాన్ని మడమకి కలిపే స్నాయువు మీదా. ఆ స్నాయువుకి దెబ్బ తగిలితే నెలల తరబడి డాన్సు ఉండదు. ఆ షూ ఉన్నా కూడా వీపు, పిక్కలు బాగా గట్టిగా ఉంటే గానీ తిరిగి లేవలేరు.

అదే అందం కావాలంటే తక్కువ కోణంలోనే తెప్పించొచ్చు. ఒక పాదం అరడుగు ముందుకి వేసి, మడమ నుంచి తల దాకా ఒకే గీతలా ఉంచి, నాలుగు లెక్కల్లో నెమ్మదిగా వాలి, ఐదో లెక్కకి చటుక్కున వెనక్కి రా. నడుము దగ్గర విరగకుండా గీత నిలిస్తే చూసేవాళ్లకి కోణం గుర్తుండదు.

కొత్తఅడుగు

అందరికీ చాలా థ్యాంక్స్. కాగితం పరీక్ష చేశాను, ఎడమ కాలు లేచింది గానీ కుడి కాలు లేవట్లేదు! మడమలు మార్చేటప్పుడు టప్‌మని చప్పుడు కూడా వస్తోంది. 20 చొప్పున చేస్తే రెండో విడతకే పిక్క పట్టేస్తోంది. ఇంకోటి, పాపింగ్‌లో ఒళ్లు ఝటక్‌మనే హిట్ ఎంత చేసినా చెయ్యి ఊపినట్టే ఉంది.

జారుడుబల్ల

కుడి కాలు లేవకపోవడం అంటే ఎడమ కాలు ఒంటరిగా మొయ్యలేకపోతోంది. చాలామందికి ఒక వైపు ఇలా ఉంటుంది. కుడికి ఒక విడత చేస్తే ఎడమకి రెండు చెయ్యి. చప్పుడు వస్తోందంటే మడమని దించకుండా పడేస్తున్నావు. దిగే మడమ నేలకి తగిలేది ఖాళీగానే, దాని మీద నిలబడడానికి కాదు.

పిక్క పట్టేస్తే ఆ రోజుకి ఆపెయ్యి. రేపటి నుంచి ముందు ఐదు నిమిషాలు చీలమండలు తిప్పడం, గోడ పట్టుకుని రెండు మడమలూ కలిపి నెమ్మదిగా లేపి దించడం 15 సార్లు రెండు విడతలు. అయ్యాక గోడకి చేతులు ఆనించి ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలకి ఆనించి 30 సెకన్లు సాగదియ్యి. మార్పిడి 20 బదులు 10తో మొదలుపెట్టు.

ఐదారేడెనిమిది

హిట్ గురించి. అది కీలు కదలడం కాదు, కండరం బిగిసి వెంటనే వదిలెయ్యడం. పాపింగ్ 1970ల్లో బూగలూ శామ్, అతని ఎలక్ట్రిక్ బూగలూస్ జట్టు ద్వారా పేరుకొచ్చిన శైలి, దానికి ప్రాణం ఈ బిగింపే. చెయ్యి ముందుకి చాపి, పిడికిలి వదులుగా ఉంచి, రెండో చేత్తో మోచేతికి కింద పట్టుకో. బీటుకి ముంజేతి కండ బిగించి తక్షణం వదులు. పట్టుకున్న చేతికి కండ కొట్టుకోవడం తెలియాలి. నువ్వు వదలడం ఆలస్యం చేస్తున్నావు, అందుకే ఊపులా కనిపిస్తోంది. బిగింపు ఎంత గట్టిగా ఉందన్నదానికంటే దానికి ముందూ తరవాతా చెయ్యి ఎంత వదులుగా ఉందన్నదే కంటికి కనిపిస్తుంది. ముంజెయ్యి, తరవాత దండచెయ్యి, తరవాత తొడ, ఆఖరికి మెడ. తొడ బిగించేటప్పుడు మోకాలు కొంచెం వంచి ఉంచి, వెనక్కి నెట్టకుండా సగం దాకానే తిన్నగా చెయ్యి.

ఈ వారం ఒక చిన్న పని కూడా పెట్టుకో. పైన రాసిన ఎనిమిదిని తీసుకుని, ఒకే ఒక్క విషయం మార్చి నీ సొంతం చెయ్యి. 5, 6లో నెమ్మదిగా లేచే చేతికి బదులు నాలుగు హిట్లు పెట్టొచ్చు, బీటుకి రెండు చొప్పున. లేదా 3 నుంచి 4 దాకా పక్కకి వెళ్లే అడుగుల్ని వెనక్కి తిప్పి ఒక జారుడు పెట్టొచ్చు. మార్చింది కూడా బరువుతో సహా కాగితం మీద రాసి ఇక్కడ పెట్టు. ఏ లెక్క దగ్గర కాలు ఇరుక్కుంటుందో చూసి చెబుతాం.