మడమ మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), ఆపరేషన్ కుదరదన్నారు. క్రయో (గడ్డను అతి చల్లదనంతో గడ్డకట్టించి చంపే చికిత్స) చేయించినవాళ్లు ఉన్నారా?

కర్నూలు రవి: అమ్మకు మడమ మీద మొదలైన మెలనోమా గజ్జల్లోకి, ఊపిరితిత్తుల్లోకి పాకింది. పిక్క మీద నల్ల గడ్డలు లేచి రక్తం కారుతున్నాయి. వాటికి క్రయో చేస్తామంటున్నారు. నొప్పి ఉంటుందా? మళ్లీ వస్తాయా? ఖర్చెంత? అమ్మకు షుగర్ కూడా ఉంది.

నెల్లూరు పద్మజ: రవి గారూ, నొప్పి ఉంటుంది. స్ప్రే కొట్టేటప్పుడు నాన్న ఓర్చుకున్నారు, మంచు కరిగేటప్పుడు అల్లాడిపోయారు. మర్నాటికి కాలు వాచి, నీటిపొక్కు లేచి రసి కారింది. ఇలా అవుతుందని ముందు ఒక్కరూ చెప్పలేదు. రక్తం మాత్రం ఆగింది. పంచెకు మరక లేకుండా వీధి అరుగు మీద కూర్చున్నారు, మాకు అదే చాలు.

శ్రీను: తప్పక చేయించండి. చచ్చిన కణాలను చూసి ఇమ్యూనిటీ మేల్కొంటుంది, లోపలి గడ్డలూ కరుగుతాయి.

విశాఖ స్టాఫ్ నర్స్: శ్రీను గారూ, దయచేసి ఇలా రాయకండి. స్కిన్ ప్రొసీజర్ రూమ్‌లో ఏళ్ల తరబడి చేశాను. క్రయోలో కొట్టే లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు. అయినా పనిచేసేది తగిలిన చోటే. గడ్డ అడుగున మైనస్ 50 దాకా దిగాలి, నిదానంగా కరగనిచ్చి మళ్లీ గడ్డకట్టించాలి. పులిపిరికి కొట్టినట్టు కొడితే లాభం లేదు. ఊపిరితిత్తుల్లో ఉన్నదానికి ఇది మందు కాదు.

శ్రీను: దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి మేడమ్. ఆశ పెట్టుకోవడం కూడా తప్పేనా?

నెల్లూరు పద్మజ: ఆశ ఎవరికి లేదండీ? ఇలాంటి మాటే పట్టుకుని మా బాబాయి నాన్న ఇమ్యునోథెరపీ (క్యాన్సర్ మీదికి ఒంట్లోని ఇమ్యూనిటీని ఉసిగొల్పే మందులు) ఆపేద్దామని కూర్చున్నాడు. ఇంట్లో ఎంత గొడవైందో మీకేం తెలుసు!

డల్లాస్ లత: బీరాఫ్ (BRAF) అనే జన్యువులో మార్పు ఉందేమో టెస్ట్ చేయించారా? అరికాలు, మడమ మెలనోమాల్లో ఆ మార్పు తక్కువే. ఉంటే మాత్రం దానికి మాత్రలున్నాయి.

ఖమ్మం వెంకట్: మా అన్నయ్యకు పుండు వాసనే పెద్ద బాధ. పిల్లలు గదిలోకి రావడం మానేశారు. డాక్టర్ మెట్రోనిడజోల్ జెల్ (పుండు మీద పూసే మందు) రాసిచ్చాక తగ్గింది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అంటే వదిన భయపడింది, అలవాటైపోతుందని.

విశాఖ స్టాఫ్ నర్స్: వెంకట్ గారూ, డాక్టర్ చెప్పిన మోతాదులో వాడితే భయం లేదు. 2014లో మత్తుమందుల చట్టం సవరించి మార్ఫిన్ నిబంధనలు సడలించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉంది, అడగండి.

కర్నూలు రవి: షుగర్ సంగతి ఎవరూ చెప్పలేదు.

విశాఖ స్టాఫ్ నర్స్: మోకాలి కింద పుండు మానడం ఆలస్యం, షుగర్ ఉంటే ఇంకా ఆలస్యం. ముందు పాదంలో నాడి చూడమనండి. రక్తప్రసరణ బాగుంటేనే ఒప్పుకోండి. అన్ని గడ్డలూ ఒకేసారి వద్దు, ఎక్కువ రక్తం కారేదానితో మొదలుపెట్టమనండి. అక్కడే మళ్లీ లేస్తే మళ్లీ చేయొచ్చు.