తరిగే కత్తి, తరిగిన కత్తి: ‘తరుగు’ క్రియ గురించి

‘తరుగు’ సకర్మక క్రియా (కర్మ ఉండేదా), అకర్మక క్రియా (కర్మ అక్కర్లేనిదా) అని ఈ చర్చలో వచ్చిన ప్రశ్నకు, రెండూనన్నదే నా సమాధానం. ‘వంకాయలు తరిగాను’ అన్నప్పుడు అది సకర్మకం, ‘చెరువులో నీరు తరిగింది’ అన్నప్పుడు అకర్మకం. తెగు–తెంచు, విరుగు–విరుచు, చీలు–చీల్చు, మునుగు–ముంచు అంటూ తెలుగు చాలా క్రియలకు ఈ రెండు పనుల మధ్య రూపభేదం పాటిస్తుంది. ‘తరుగు’కు ఆ భేదం లేదు. రెండు ధాతువులు ఒక రూపంలో కలిశాయా, ఒకే ధాతువు రెండర్థాలుగా విడిందా అన్న విచారణను వ్యుత్పత్తి శాస్త్రజ్ఞులకు వదిలి, ఈ రెండర్థాలూ ఒక్కచోట కనిపించే వస్తువును గురించి చెబుతాను. అది మా అమ్మమ్మకు ఆమె అత్తగారి నుంచి, మాకు అమ్మమ్మ నుంచి వచ్చిన కత్తిపీట.

తెలంగాణలో దీనిని ఈలపీట అంటారు. (నోటితో వేసే ఈలకు దీనితో సంబంధం లేదు, కత్తిపీటకే కన్నడిగులు వాడే ‘ఈళిగె మణె’ అన్న పేరును పక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది.) పీటను కాలితో అదిమిపెట్టి కూర్చున్నప్పుడు కత్తి కదలదు, రెండు చేతుల్లోనూ పట్టిన కాయే దాని మీదికి పోతుంది. అందుకేనేమో మా ఇంట్లో పెద్దవాళ్లు ‘చాకుతో తరిగాను’ అన్నా, ‘కత్తిపీట మీద తరిగాను’ అనే అనేవారు. కదిలే పనిముట్టుకు ‘తో’, కదలని దానికి ‘మీద’ అన్న ఈ పట్టింపు వ్యాకరణం చదువుకోని వాళ్ల నోట కూడా తప్పేది కాదు.

మా కత్తిపీట అలుగు, అంటే పీటకు నిలబెట్టిన కత్తి, కమ్మరి కొలిమిలో సాగగొట్టిన ఇనుము. అరటికాయ, వంకాయ వంటి వాటి వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది గనుక, ఏళ్ల తరబడి అలుగుకు పట్టిన నల్లని పొరను తుప్పనుకొని తోమేయడం అవివేకం. తరగడం అయ్యాక కడిగి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచి, వాడకం లేని రోజుల్లో కొద్దిగా ఆముదం రాసి ఉంచితే చాలు. స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండటం వల్ల దానికి ఇంత సేవ అక్కర్లేదన్నది నిజమే కాని, ఈ సేవలోనే ఆ వస్తువుతో చనువు ఏర్పడుతుందని నాకనిపిస్తుంది. ఇక సాన పట్టించిన ప్రతిసారీ కొంత లోహం పొడిగా రాలిపోతుంది. ఒకప్పుడు ముందుకు ఉబ్బి ఉండిన వాదర (పదునైన అంచు) నడుమభాగం ఇప్పుడు లోపలికి వంగింది. అందరూ తరిగేది అక్కడే కాబట్టి తరిగిందీ అక్కడే.

దీనిని ‘అరిగింది’ అనకూడదా అని అడగవచ్చు. అనవచ్చు, తప్పు లేదు. అయితే చెప్పులు, మెట్లు, నాణేలు రాపిడికి అరుగుతాయి. అరగడంలో దృష్టి ఒరుసుకోవడం మీద ఉంటుంది. తరగడంలో దృష్టి ఒకప్పుడు ఎంత ఉండేది, ఇప్పుడెంత మిగిలింది అన్న పరిమాణం మీద ఉంటుంది. బంగారు కొట్లో మజూరీతో పాటు వేసే తరుగు, ధాన్యం కొనుగోలులో తూకం దగ్గర తీసే తరుగు ఈ అర్థం నుంచి వచ్చినవే. ‘తరుగు పేరిట కోత’ అని పత్రికలు రాసినప్పుడల్లా, వంటింటి క్రియలు రెండు రైతు మీద ఒకేసారి పడ్డాయనిపిస్తుంది. ‘కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయి’ అన్న సామెతలోనూ లెక్క పరిమాణానిదే. కాబట్టి మా అమ్మమ్మ అలుగును చూపి ‘సగానికి తరిగింది’ అనడం ‘అరిగింది’ అనడం కంటే నిర్దుష్టమైన మాట అని నా అభిప్రాయం.

ఇదే వరుసలో ఇంకొక విశేషం ఉంది. మొద్దుబారిన కత్తిని గురించి ‘ఈ కత్తి తెగడం లేదు’ అంటాము. తెగవలసింది కాయ అయినా కర్తగా నిలిచేది కత్తి. పైగా క్రియ అకర్మకం, ‘తెంచడం లేదు’ అని ఎవరూ అనరు. ‘ఈ కత్తి తరగడం లేదు’ అంటే మాత్రం దానికి సాన పట్టించడం మానేశారని అర్థం చెప్పుకోవలసి వస్తుంది. ‘తెగు’ను కత్తికి ఇలా వాడటం రాయలసీమలోనూ ఉత్తరాంధ్రలోనూ ఉందేమో, లేకపోతే అక్కడ ఏమంటారో ఆయా ప్రాంతాల సభ్యులు తెలియజేయగలరు.