చర్చ: ఒక కట్టడాన్నో, వంటనో, బొమ్మనో యూదులది అని దేన్నిబట్టి అంటాం?

తెనాలి_వాసు: కొచ్చిలోని మట్టంచేరి వెళ్లి 1568 నాటి పరదేశీ సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) చూశాను. నేల మీద చైనా నుంచి తెచ్చిన నీలం, తెలుపు పింగాణీ పలకలు. పైన బెల్జియం షాండ్లియర్లు. కప్పు కేరళ పెంకులది. అన్నీ తలా ఒక చోటివే. మరి ఇందులో యూదులదనం ఎక్కడుంది? వంటల్లోనూ నాకు ఇదే అనుమానం. మీరు చూసినవి, తిన్నవి చెప్పండి.

ఎడిసన్_సునీత: వాసుగారూ, వంట సంగతి నేను చెప్తాను. యూదులు తమ విశ్రాంతి రోజైన శనివారం పొయ్యి వెలిగించకూడదు. అందుకని మా పక్కింటావిడ శుక్రవారం పొద్దు గుంకకముందే చిక్కుడు గింజలు, బార్లీ, బంగాళదుంపలు, మాంసం కలిపి సన్నసెగ మీద పెట్టేస్తారు. అది చోలెంట్. మర్నాడు మధ్యాహ్నం మూత తీస్తే ముక్కలన్నీ కరిగి చిక్కటి గోధుమరంగు ముద్దయి ఉంటుంది. ఇరాక్ యూదులు ఇదే పద్ధతిలో కోడి, బియ్యంతో తబీత్ చేస్తారు. మొరాకో వాళ్లయితే కుండలో గుడ్లు పెంకుతోనే పెడతారు, తెల్లారేసరికి లోపలి తెల్లసొన కూడా గోధుమరంగుకి తిరుగుతుంది. రుచులకు పొంతనే లేదు, నియమం మాత్రం ఒక్కటే. నా లెక్కలో గుర్తు అదే.

కొచ్చి_కోడలు: నిజం. మాంసంతో పాలు, పెరుగు, నెయ్యి కలపకూడదు కాబట్టి ఇక్కడి యూదులకు కొబ్బరిపాలు బాగా కలిసొచ్చాయి. కూర చూస్తే అచ్చం మలయాళీల కూరే. వాసుగారూ, సినగాగ్‌లో పై అంతస్తు చూశారా? యూదుల ధర్మగ్రంథమైన తోరా చదవడానికి స్త్రీల గదికి ముందు అక్కడ రెండో వేదిక ఉంటుంది. అది కేరళ సినగాగ్‌ల ప్రత్యేకత.

కుంచె_రవి: నియమం ఒక్కటే గుర్తు అంటే నేను ఒప్పుకోను. బొమ్మలు కూడదన్న నియమం ఉందంటారు కదా, సిరియాలోని దురా యూరోపోస్ సినగాగ్‌లో 3వ శతాబ్దంలోనే గోడల నిండా మోషే కథలు చిత్రించారు. ఇక యూదు చిత్రకారుడు షగాల్‌ని చూడండి. 1938లో వేసిన బొమ్మలో శిలువ మీది యేసు నడుముకి యూదులు ప్రార్థనలో కప్పుకునే చారల శాలువా చుట్టాడు. చుట్టూ తగలబడుతున్న సినగాగ్, మూటలతో పారిపోతున్న జనం. జర్మనీలో తమవాళ్ల మీద దాడులు జరుగుతుంటే వేసిన బొమ్మ అది. అక్కడ పలికింది నియమం కాదు, పడ్డ బాధ. ఆ శాలువా చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

థానే_శ్రీధర్: కొంకణ్‌లోని బెనె ఇజ్రాయెల్ అనే యూదుల మలీదా తిన్నాను. తడిపిన అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర, యాలకులు, చుట్టూ పళ్లు. పళ్లెం చూస్తే మనింటి ప్రసాదమే అనుకుంటాం. ఏలియా ప్రవక్తను తలచుకుంటూ హీబ్రూలో పాడాకే పంచుతారు. పూర్వం వీళ్లు నూనె గానుగలు ఆడించేవారు. శనివారం పని మానేసేవారు కాబట్టి ఊళ్లోవాళ్లు శనివార్ తేలీ, అంటే శనివారపు నూనెవాళ్లు, అని పిలిచారు. సునీతగారి మాటకు ఇంతకంటే సాక్ష్యం నాకు దొరకలేదు. రవిగారు చెప్పిన బాధ కూడా నిజమే కానీ, ఇక్కడ వాళ్లకు అలాంటి హింస ఎదురవలేదు. అయినా యూదులుగానే నిలిచారు.

తెనాలి_వాసు: అందరికీ ధన్యవాదాలు. మా దగ్గర్లోనే, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ వాళ్లున్నారు. 1991లో సినగాగ్ పెట్టుకున్న మాదిగ కుటుంబాలు. శనివారం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. వాళ్ల పస్కా పండుగ భోజనంలో ఏమేం వడ్డిస్తారో చూసినవాళ్లెవరైనా ఉంటే రాయండి.