టెంపరరీ ఎగ్జిబిషన్‌ని "కొలువు" అనొచ్చా?

ప్రశ్న:

నమస్కారమండీ. లండన్‌లో మా తెలుగు బడి పిల్లల్ని న్యాచురల్ హిస్టరీ మ్యూజియంకి తీసుకెళ్తున్నాం. వాళ్ళ చేతికివ్వడానికి తెలుగులో ఒక కాగితం తయారుచేస్తున్నాను. అక్కడ ఎప్పుడూ ఉండే గ్యాలరీలు వేరు, కొన్నాళ్ళు పెట్టి తీసేసే టెంపరరీ ఎగ్జిబిషన్లు వేరు. ఈ రెండోదాన్ని "తాత్కాలిక ప్రదర్శన" అని రాస్తే మా అమ్మాయి చదివి "అంటే ఏంటమ్మా?" అంది. పిల్లలకు పట్టుబడే మాట ఇంకేదైనా ఉందా?

జవాబు:

"తాత్కాలిక ప్రదర్శన" తప్పేం కాదండీ. పేపర్లలో, ఆఫీసు కాగితాల్లో అదే రాస్తున్నారు. కానీ నాకు దానితో మొదటినుంచీ పేచీ ఉంది. తాత్కాలిక ఉద్యోగి, తాత్కాలిక మరమ్మతు, తాత్కాలిక షెడ్డు... మనం ఈ మాటను ఎక్కడ వాడినా "అసలుది వచ్చేదాకా దీంతో సర్దుకోండి" అన్న ధ్వని వచ్చేస్తుంది. ఇక "ప్రదర్శన" చూడండి. నాటకమూ ప్రదర్శనే, రోడ్డు మీద నిరసనా ప్రదర్శనే, బలప్రదర్శన ఉండనే ఉంది. రెండూ కలిపితే వినేవాడి కళ్ళముందు ఏ బొమ్మా కట్టదు.

నా ఓటు "కొలువు"కి. బొమ్మల కొలువులోని కొలువే.

ఊరికే మోజుపడి అంటున్న మాట కాదు. సంక్రాంతికో దసరాకో మనవాళ్ళు పెట్టే కొలువులో ఏముంటుందో చూడండి. ఏడాదంతా పాత చీర ముక్కల్లో, కాగితాల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాచిన బొమ్మలు బయటికొస్తాయి. కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కబొమ్మలు, అమ్మమ్మ నాటి చెవి విరిగిన మట్టి ఆవు. ఉన్నవన్నీ పెట్టరు, ఆ ఏడు ఏ వరస అనుకుంటే దానికి తగ్గవి ఏరతారు. చాలనివి పక్కింటివాళ్ళను అడిగి తెచ్చుకుంటారు. మెట్లు కట్టి, ఏది పైన, ఏది కింద అని ఆలోచించి అమర్చి, పేరంటానికి పిలుస్తారు. పండుగ అయ్యాక ఎవరివి వాళ్ళకిచ్చేసి, మిగతావి మళ్ళీ చుట్టి పెట్టెలో పెడతారు.

మ్యూజియం చేసేదీ అచ్చం ఇదే. మీరు వెళ్ళే లండన్ మ్యూజియంలో సుమారు 8 కోట్ల నమూనాలున్నాయి. జనానికి కనబడేవి వాటిలో చాలా కొద్ది, మిగతావన్నీ లోపల బీరువాల్లో, సీసాల్లో ఉంటాయి. ఒక అంశం అనుకుని, దానికి తగ్గవి ఏరి, లేనివి వేరే దేశం నుంచి అరువు తెచ్చి, గడువు పెట్టి చూపించి, గడువు కాగానే ఎక్కడివి అక్కడికి పంపేస్తారు. ఇలా చేయడానికి మరో గట్టి కారణం కూడా ఉంది. సీతాకోకచిలుక రెక్కలు, పిట్టల ఈకలు, ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్కలు వెలుతురు తగిలేకొద్దీ రంగు వెలిసిపోతాయి. అందుకే ఇలాంటివాటి మీద వెలుతురు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురుకి కొలత) దాటకుండా చూసుకుంటారు. మసక దీపాల మధ్య కొన్నాళ్ళు చూపించి మళ్ళీ చీకటి సొరుగులో పెడతారు. ఆ సొరుగు చీకటే వాటిని వందల ఏళ్ళు కాపాడేది. కాబట్టి గడువు పెట్టడం ఏదో సర్దుబాటు అనుకోకూడదు, ఆ వస్తువు బతకడానికే ఆ గడువు. "తాత్కాలిక" అన్న మాటలో ఈ సంగతి వినబడదు, "కొలువు"లో వినబడుతుంది.

మీ పిల్లలకు చెప్పడానికి ఆ మ్యూజియందే ఒక ఉదాహరణ. 2023 మార్చి ఆఖరు నుంచి 2024 జనవరి 7 దాకా అక్కడి వాటర్‌హౌస్ గ్యాలరీలో పెటగోటైటన్ అనే డైనోసార్ (టైటనోసార్లలో ఒకటి) అస్థిపంజరం నమూనా పెట్టారు. పొడవు 37 మీటర్లు. తొడ ఎముక ఒక్కటే దాదాపు 2.4 మీటర్లు, అంటే ఆరడుగుల మనిషి పక్కన నిలబడ్డా ఇంకా దాదాపు రెండడుగులు పైకి ఉంటుంది. ఆ ఎముకలు దొరికింది అర్జెంటీనాలోని చుబుత్ రాష్ట్రంలో. ముందుగా చూసింది అక్కడి పశువుల క్షేత్రంలో పనిచేసే మనిషి. 2017లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టినప్పుడు ఆ నేల ఎవరిదో ఆ మాయో కుటుంబం పేరు కూడా కలిపి పెటగోటైటన్ మాయోరమ్ అన్నారు. అక్కడి ట్రెలెవ్ ఊళ్ళోని మ్యూజియంవాళ్ళు తవ్వితీసి, అచ్చులు పోసి, ఆరు జంతువుల ఎముకల ఆధారంతో ఒక్క అస్థిపంజరం కూర్చి లండన్‌కి అరువిచ్చారు. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితమే గానీ దీన్ని చూడ్డానికి మాత్రం టికెట్ కొనాల్సి వచ్చింది. ఇంత హంగు చేసి సముద్రాలు దాటించి తెచ్చినదాన్ని "తాత్కాలికం" అనడానికి నాకు నోరు రావడంలేదు. "టైటనోసార్ కొలువు" అనండి, పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

ఒక సభ్యుడి అభ్యంతరం:

బాగానే ఉంది గానీ, మా తెలంగాణలో కొలువంటే ఉద్యోగమండీ. "ప్రభుత్వ కొలువులు", "కొలువుల జాతర" అని రోజూ పేపర్లో చూస్తుంటాం. డైనోసార్ కొలువంటే డైనోసార్‌కి ఉద్యోగం వచ్చిందనుకోరా? ఇంకోటి, కొలువంటే కొలవడం, పూజ. సైన్సు మ్యూజియంలో ఆ వాసనెందుకు?

జవాబు:

మంచి అభ్యంతరమే. ముందు ఉద్యోగం సంగతి. కొలుచు అంటే సేవించు. రాజును సేవించేవాళ్ళు చేరే సభా కొలువే, ఆ సేవా కొలువే. ఉద్యోగం అన్న అర్థం ఆ సేవ నుంచి వచ్చింది, బొమ్మల కొలువు ఆ సభ నుంచి వచ్చింది. రెండూ ఒకే చెట్టు కొమ్మలు, మీ తెలంగాణ వాడుక ఆ పాత అర్థాన్ని ఇప్పటికీ నిలబెట్టింది. ఇక తికమక అంటారా, ముందు చేరే మాట దాన్ని తీర్చేస్తుంది. బొమ్మల కొలువు అంటే బొమ్మలకు ఉద్యోగమని తెలంగాణలో కూడా ఎవరూ అనుకోరు. గవ్వల కొలువు, సీతాకోకచిలుకల కొలువు అన్నా అంతే.

పూజ వాసన గురించి: కొలువు కూటంలో జరిగింది రాచకార్యం. నలుగురూ వచ్చి చూడగలిగేలా తీరుగా కూర్చుని ఉండడం అందులో అసలు సంగతి. త్యాగరాజు భైరవి రాగంలో "కొలువైయున్నాడే" అని మొదలుపెట్టినప్పుడు రాముడు కళ్ళముందు నిండుగా కూర్చున్న రూపమే తోస్తుంది. గుళ్ళో దేవుడికి వాడినంత మాత్రాన మాట గుడికే చెందిపోదు. కొత్త ప్రభుత్వం "కొలువుదీరింది" అని రాస్తున్నాం కదా, అక్కడ ఎవరూ హారతి పట్టరు.

ఒక్కచోట మాత్రం నేనూ వాడను. మనుషుల ఎముకలు, మమ్మీలు పెట్టినచోట కొలువనడం తగదు. అక్కడ "ప్రదర్శన" అనడానికి కూడా నాకు మనసొప్పదు, ఏం పెట్టారో ఆ సంగతి మాత్రం రాసి ఊరుకోవాలి.

మరో సభ్యురాలు:

అసలు పెద్ద సంస్థలకు ఇలా ఇంటిమాటలు అతుకుతాయా? పారిభాషిక పదాలు పండితులు తేల్చాలి కదా.

జవాబు:

జనం ఎప్పుడూ ఆగలేదండీ. మద్రాసు ఎగ్మూరులోని మ్యూజియాన్ని మన పాతతరంవాళ్ళు "చచ్చిన కాలేజీ" అనేవారు, జూని "బతికిన కాలేజీ" అనేవారు. ఆ మ్యూజియం 1851లో మొదలైంది సెయింట్ జార్జి కోట కాలేజీ భవనంలో. కంపెనీ దొరలకు తెలుగు, తమిళం నేర్పడానికి పెట్టిన కాలేజీ అది. కాలేజీ అన్న మాట అక్కడినుంచే అంటుకుందని చెబుతారు. 1855లో అదే మ్యూజియం జంతువుల్ని కూడా ఉంచడం మొదలుపెట్టింది, మద్రాసు జూకి అదే మొదలు. ఒకటి బతికినవి, ఒకటి చచ్చినవి! ఏ నిఘంటువూ చూడకుండా, ఏ కమిటీ వేయకుండా, చూసినవాళ్ళు చూసినదాన్నిబట్టి పెట్టుకున్న పేర్లు. రెండు సంస్థల తేడాను ఇంతకంటే సూటిగా ఏ పండితుడు చెప్పగలడు?

ఇంకో సంగతి. స్థిరంగా ఉండేదానికీ కొలువుకీ మధ్య గీత అంత గట్టిదేమీ కాదు. డిప్పీ అని లండన్‌వాళ్ళు ముద్దుగా పిలిచే డిప్లొడోకస్ అనే డైనోసార్ అస్థిపంజరం నమూనా 1905 నుంచి ఆ మ్యూజియంలోనే ఉండేది. 2017లో దాన్ని పెద్ద హాల్లోంచి తీసి, ఆ చోట నీలి తిమింగలం అస్థిపంజరాన్ని వేలాడదీశారు. డిప్పీ 2018 నుంచి 2021 దాకా దేశమంతా ఊరూరా తిరిగింది. 2022 మేలో మళ్ళీ సొంత మ్యూజియంకే ఒక టెంపరరీ ఎగ్జిబిషన్‌గా వచ్చింది. ఇంటి మనిషే చుట్టపుచూపుగా వచ్చినట్టు కొన్ని నెలలుండి, తర్వాత కోవెంట్రీకి వెళ్ళింది. న్యూయార్క్‌లో దీనికి తలకిందులు. అమెరికన్ మ్యూజియం ఆఫ్ న్యాచురల్ హిస్టరీలో 1998 నుంచి ఏటా చలికాలం నెలల్లో బతికున్న సీతాకోకచిలుకల్ని పెట్టి తీసేసేవారు. 2023లో ఆ మ్యూజియంలోనే గిల్డర్ సెంటర్ అనే కొత్త భవనం తెరిచాక వాటికి ఏడాది పొడవునా ఉండే చోటు దొరికింది. ఇప్పుడు దాన్ని కొలువు అనకూడదు. అలాగే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉన్న కోటసారస్. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికి, 1988లో శాస్త్రవేత్త పి. యాదగిరి పేరుపెట్టిన డైనోసార్ అది. అక్కడే స్థిరంగా ఉంటుంది కాబట్టి దానికి గ్యాలరీ అన్న మాట చాలు.

ప్రశ్న అడిగినవారు:

కొలువు అనే రాసేస్తానండీ. "ఈ కొలువు ఫలానా తేదీన తీరుతుంది" అని రాశాను, సరేనా?

జవాబు:

అక్కడ ఒక్కటి మార్చండి. "కొలువు తీరింది" అంటే పెద్దలకు సభ మొదలైందని అర్థం. మీ పిల్లలకు "ఆకలి తీరింది", "అప్పు తీరింది" బాగా తెలుసు కాబట్టి అయిపోయిందనుకుంటారు, మొదటి తేదీనే చివరి తేదీగా చదువుతారు. ముగింపుకి పాత కథల్లో "కొలువు చాలించి" అనే అందమైన మాట ఉంది, రాజు కొలువు చాలించి అంతఃపురానికి వెళ్ళాడు అంటారు. అది వాళ్ళకు కథ చెప్పేటప్పుడు వాడండి. కాగితంలో మాత్రం మన ఇళ్ళల్లో అన్నట్టే "ఫలానా రోజు కొలువు పెడతారు, ఫలానా రోజు తీసేస్తారు" అని రాయండి. దానికి విడిగా టికెట్ ఉంటే ఆ వరుస కింద అది కూడా రాయడం మరిచిపోకండి.