బ్రాకా1 (చెడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యువు) చేసేది రిపేరేనా, రొమ్ము కణాల దారినీ మారుస్తుందా?

మైటోసిస్_మామ: బ్రాకా1 పని తెగిన డీఎన్‌ఏను అతకడం. డిఫరెన్షియేషన్ (కణం ఏ రకంగా మారాలో తేలడం) గోలంతా జన్యువు రెండో ప్రతి కూడా పోయాకే.

ల్యూమినా: మరి 2009లో మెల్‌బోర్న్‌లో లిండెమన్, విస్వాడర్ బృందం చూసింది క్యాన్సర్ రాని కణజాలమే కదా! ఒక్క ప్రతే చెడిన మహిళల్లో ల్యూమినల్ ప్రొజెనిటర్లు (పాలనాళాల లోపలి పొర కణాలను పుట్టించే కణాలు) పెరిగాయి. కల్చర్‌లో గ్రోత్ ఫ్యాక్టర్లు ఇవ్వకపోయినా పెరిగాయి.

మైటోసిస్_మామ: "పెరిగాయి" అనేది గేటు (మార్కర్ల మోతాదును బట్టి కణాలను వేరుచేసే గీత) గీసినవాడి దయ. సీడీ49ఎఫ్ అనే ఉపరితల మార్కర్ మెట్టు కాదు, వాలు. గీత కాస్త జరిపితే ముదిరిన ల్యూమినల్ కణాలు ప్రొజెనిటర్ల లెక్కలో పడతాయి. కణాలను విడదీసే ట్రిప్సిన్ ఎంజైమును ఎక్కువసేపు ఉంచితే ఉపరితల మార్కర్లే తెగిపోతాయి.

పైపెట్_రాజు: మళ్లీ గేటేనా. పోయిన థ్రెడ్ కూడా దీంతోనే చచ్చింది.

ల్యూమినా: ఎఫ్‌ఎంఓ కంట్రోళ్లు (ఒక్కో రంగు వదిలేసి గీత ఎక్కడుండాలో చూసే నమూనాలు) పెట్టేది అందుకే. సీడీ31, సీడీ45, సీడీ235ఏ మార్కర్లున్న రక్తనాళ, రక్త కణాలను ముందే తీసేస్తారు. సరే, గేటు వదిలేయండి. 2010లో స్మాలీ బృందం ఎలుకల్లో బ్రాకా1ను బీఎల్‌జీ-క్రీ, కే14-క్రీ అనే జన్యు కత్తెరలతో తీసేసింది: మొదటిదానితో ల్యూమినల్ ప్రొజెనిటర్లలో, రెండోదానితో నాళాల బయటి పొరైన బేసల్ కణాల్లో. మనుషుల బ్రాకా1 కణితుల్లాంటివి ల్యూమినల్ వైపే వచ్చాయి.

మైటోసిస్_మామ: రెండు ప్రతులూ తీసేశారు, పైగా కణితుల్ని అడ్డుకునే పీ53 జన్యువు కూడా ఒక్క ప్రతే ఉంది. ఇది నా సాక్ష్యం! 2008లో విషా బృందం చూసిన, మూలకణాల గుర్తైన ఏఎల్‌డీహెచ్1 ఉన్న లోబ్యూళ్లలోనూ (పాలగ్రంథి గుత్తుల్లోనూ) రెండో ప్రతి పోయే ఉంది, పక్క లోబ్యూళ్లలో పోలేదు.

ల్యూమినా: బ్రాకా2 ఊసెత్తరేం? అదీ రాడ్51 అనే ప్రొటీన్‌ను డీఎన్‌ఏ తెగినచోట ఎక్కించే రిపేరు జన్యువే. దాని కణితులు ఎక్కువగా ఈఆర్ (ఈస్ట్రోజన్ గ్రాహకం) పాజిటివ్, బ్రాకా1వి ఎక్కువగా ట్రిపుల్ నెగటివ్ (ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేనివి). అంతా రిపేరే అయితే ఈ తేడా ఎక్కడిది?

మైటోసిస్_మామ: అరిచి ఒప్పించలేరు. మీరు ఎటు లాగుతున్నారో తెలుసు: రాంక్ అనే గ్రాహకం ఉన్న ప్రొజెనిటర్లను డెనోసుమాబ్‌తో (రాంక్ సంకేతాన్ని ఆపే ఎముకల మందుతో) అణిచేస్తే చాలని. 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే ముప్పు 72 శాతం ఉన్న మనిషి అది నమ్మి రొమ్ములు తీయించే సర్జరీ వాయిదా వేస్తే?

ల్యూమినా: సర్జరీ వద్దని ఎక్కడన్నాను? పాతికేళ్ల అమ్మాయికి ఏటా ఎంఆర్‌ఐ, లేదంటే కత్తి... మధ్యలో ఇంకేదీ వెతకొద్దంటున్నది మీరు.

పైపెట్_రాజు: ఇదా అసలు తగాదా! ముందే చెబితే గేటు దగ్గర ఇంతసేపు నిలబడేవాళ్లం కాదు.

మైటోసిస్_మామ: వెతకండి. కానీ డెనోసుమాబ్ ఆపగానే ఎముక అరుగుదల ఎగబాకుతుంది, వెన్నుపూసలు విరుగుతాయి. రొమ్ములోనూ ఆపాక బయాప్సీ తీసి కేఐ67 (కణాల విభజన జోరు చూపే గుర్తు) చూడందే నా ఓటు లేదు.